సిస్టమ్ చెప్పిన ఆర్డర్ పెట్టాలా, నాకు తెలిసింది పెట్టాలా? (మందుల హోల్‌సేల్, విజయవాడ)

ప్రశ్న
బెజవాడ గోడౌన్:

అందరికీ నమస్తే. విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ ఏజెన్సీలో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. బిల్లింగ్ కౌంటర్లో చేరాను, ఇప్పుడు పర్చేజ్ అంతా నేనే చూస్తాను. దాదాపు మూడు వేల ఐటమ్స్, నాలుగు వందలకు పైగా మెడికల్ షాపులు. ఏ సరుకు ఎంత తెప్పించాలన్నది నా బాధ్యత. మార్జిన్ పది శాతం లోపే. ఎక్కువ తెప్పిస్తే డబ్బు గోడౌన్లో ఇరుక్కుంటుంది. తక్కువ తెప్పిస్తే షాపువాళ్లు పక్క స్టాకిస్ట్‌కు ఫోన్ చేస్తారు, ఒకసారి అలవాటు పడ్డాక మళ్లీ రారు.

2025 ఏప్రిల్లో మా ఓనర్ గారు కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టించారు. అంతకుముందు రెండేళ్ల డేటా కూడా అందులోకి ఎక్కించారు. నెలాఖరున 'సజెస్టెడ్ ఆర్డర్' అని లిస్టు వస్తుంది, ఐటమ్ పక్కన ఎన్ని బాక్సులు పెట్టాలో ఉంటుంది. ఓనర్ గారు ఒకటే మాట చెప్పారు: "ఇంత ఖర్చు పెట్టాం, సిస్టమ్ ఏం చెబితే అదే పెట్టు." మొదటి నాలుగు నెలలు బాగానే ఉంది. నాకు రెండు రోజులు పట్టే పని రెండు గంటల్లో అయిపోయేది. డెడ్ స్టాక్ (కదలకుండా పడి ఉండే సరుకు) కూడా తగ్గింది. అది ఒప్పుకోవాలి.

ఇక ఆగస్టు నెలాఖరు సంగతి. ఓఆర్ఎస్ మాకు నెలకు సుమారు 420 బాక్సులు పోతుంది. చేతిలో 260 ఉన్నాయి. సిస్టమ్ 1,100 పెట్టమంది. నాకు అనుమానం వచ్చింది, కానీ ఓనర్ గారి మాట గుర్తొచ్చి పెట్టేశాను. లోడు దిగిన రోజు మా గోడౌన్ పెద్దాయన (నాకంటే ముందు నుంచి ఉన్నారు) లారీ దగ్గర నిలబడి అట్టపెట్టెలు లెక్కపెడుతూ అన్నారు: "ఈ ఏడు బుడమేరు రాలేదు కదయ్యా, ఇన్ని ఎందుకు తెప్పించావు?"

అప్పుడు వెలిగింది నాకు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వరద వచ్చి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగాయి. ఆ నెల మేము ఓఆర్ఎస్ 1,900 బాక్సులు అమ్మాం. కాలివేళ్ల మధ్య పాచిపోయిన చర్మానికి రాసే ఫంగస్ క్రీములు ఎన్ని తెప్పించినా చాలలేదు. సిస్టమ్ ఆ నెలను 'సెప్టెంబర్ సీజన్' అనుకుంది. ఈ సెప్టెంబర్లో అమ్మింది 380. మిగిలింది 980. ఫ్రిజ్ పక్కన కింద నుంచి ఫ్యాన్ ఎత్తు దాకా పేర్చి ఉన్నాయి. ఇన్సులిన్ తీయడానికి వెళ్లినప్పుడల్లా పక్కకు ఒరిగి వెళ్లాలి.

అదే నెలలో రెండో దెబ్బ. సెప్టెంబర్ 3న జీఎస్టీ తగ్గింపు ప్రకటించారు. మందుల్లో చాలావాటికి 12 నుంచి 5 శాతానికి, 22 నుంచి అమలు. ఆ మధ్య రోజుల్లో షాపులవాళ్లు చేయి కట్టేసుకున్నారు. బీపీ మాత్ర టెల్మిసార్టాన్ 40 మాకు నెలకు 300 బాక్సులు పోతుంది, 170కి పడింది. బీపీ ఉన్నవాళ్లు మాత్ర మానేయలేదు, షాపులు ఉన్న స్టాకుతోనే నెట్టుకొచ్చాయి. సిస్టమ్ మాత్రం అమ్మకం తగ్గిందనుకుని అక్టోబర్‌కు 135 చాలంది. పెట్టాను. ఖాళీ అయిన అరలన్నీ షాపులు ఒక్కసారి నింపుకోవడంతో అక్టోబర్ రెండో వారం దాటకముందే ఉన్నదంతా అయిపోయింది.

దాంతో నవంబర్లో నా బుర్రనే నమ్ముకున్నాను. దగ్గు సిరప్ ఒకటి సిస్టమ్ 150 అంటే నేను 400 పెట్టాను. చలికాలం వచ్చింది, పైగా ఎంఆర్ (కంపెనీ తరఫున తిరిగే మెడికల్ రిప్రజెంటేటివ్) పదికి రెండు ఫ్రీ స్కీమ్ చెప్పాడు. అమ్మింది 160. ఇప్పుడు దానికీ నేనే జవాబు చెప్పాలి.

సిస్టమ్ మాట వింటే ఒక రకంగా, వినకపోతే ఇంకో రకంగా మాట పడుతున్నాను. రాత్రి నిద్రలో కూడా ఆ లిస్టే. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ఎక్కడ వినాలి, ఎక్కడ దాటాలి? ఓనర్ గారికి ఎలా చెప్పాలి?

సమాధానం
స్టాక్ లెక్కలు, హైదరాబాద్:

నమస్తే సార్. నేను పన్నెండేళ్లుగా హోల్‌సేలర్లకు ఇలాంటి సాఫ్ట్‌వేర్ పెట్టి నేర్పే పనిలో ఉన్నాను. మీ అంకెలు చూసి కాగితం మీద లెక్క వేశాను.

మామూలు నెల అమ్మకం 420, పోయిన ఏడాది అదే నెల 1,900. రెండింటికీ సగం సగం విలువ ఇస్తే 1,160. దానికి సేఫ్టీ స్టాక్ (అనుకోని గిరాకీకి ఉంచుకునే అదనపు సరుకు) 200 కలిపి, చేతిలో ఉన్న 260 తీసేయండి. సరిగ్గా 1,100. మీ సాఫ్ట్‌వేర్ ఇలాగే వేసి ఉండాలి. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు, కూడికలు తీసివేతలే. ఆ 1,900 స్థానంలో కూడా 420 ఉండి ఉంటే మీకు 360 అని చూపించేది. అంటే తప్పు మొత్తం ఒక్క అంకెలో ఉంది.

మీరు చేయాల్సిన మొదటి పని: 2024 సెప్టెంబర్‌ను సీజన్ లెక్కలోంచి తీసేయించండి. చాలా సాఫ్ట్‌వేర్లలో ఫలానా తేదీల అమ్మకం లెక్కలోకి తీసుకోవద్దు అని పెట్టే వీలుంటుంది, మీకు పెట్టినవాళ్లను అడగండి. లేదంటే ఆ నెల అంకెను ఎక్సెల్లో మామూలు సగటుతో మార్చి మళ్లీ ఎక్కించమనండి. అసలు బిల్లులు ముట్టుకోవద్దు, అంచనా కోసం వాడే కాపీలో మాత్రమే మార్చాలి. జీఎస్టీ వల్ల 2025 సెప్టెంబర్ కూడా పాడైన నెలే, దానికీ ఇదే చేయించండి. లేకపోతే 2026 సెప్టెంబర్లో బీపీ మాత్రలకు మళ్లీ తక్కువ చెబుతుంది.

ఇంకొకటి ఎవరూ పట్టించుకోరు. సిస్టమ్‌కు తెలిసేది అమ్మకం. అడిగారా లేదా అన్నది దానికి తెలియదు. మీకు అక్టోబర్ రెండో వారం తర్వాత టెల్మిసార్టాన్ లేదు కదా, ఆ రోజుల్లో షాపువాళ్లు అడిగి ఉంటారు, మీ కుర్రాడు "లేదండీ" అని ఉంటాడు. బిల్లు పడలేదు. సిస్టమ్ దృష్టిలో ఆ రోజుల్లో ఎవరికీ ఆ మందు అవసరం లేదు. తక్కువ తెప్పించారు కాబట్టి తక్కువ అమ్మారు, తక్కువ అమ్మారు కాబట్టి ఇంకా తక్కువ తెప్పించమంటుంది. నా క్లయింట్లలో మంచి వ్యాపారాలు చిక్కిపోయింది ఎక్కువగా ఇక్కడే. మీ ఆర్డర్ తీసుకునే టేబుల్ దగ్గర ఒక షార్ట్ బుక్ పెట్టండి. లేదని చెప్పిన ప్రతిసారీ ఐటమ్, షాపు, ఎన్ని అడిగారు, మూడే గళ్లు. నెలాఖరున వాటిని అమ్మకానికి కలిపి చూడండి.

లీడ్ టైమ్, అంటే ఆర్డర్ పెట్టాక సరుకు రావడానికి పట్టే రోజులు, అదీ చూసుకోండి. సాఫ్ట్‌వేర్ పెట్టిన రోజు అన్ని కంపెనీలకూ ఒకటే 7 రోజులని కొట్టేసి వెళ్లడం నేను చాలాచోట్ల చూశాను. డిపో మీ ఊళ్లోనే ఉన్న కంపెనీకీ, సరుకు బయటి రాష్ట్రం నుంచి రావాల్సిన కంపెనీకీ ఒకే లెక్క ఎలా కుదురుతుంది?

సమాధానం
సింగ్‌నగర్ మెడికల్స్:

అన్నా, నేను రిటైలర్‌ని. వరదలో మా షాపులో కౌంటర్ ఎత్తు నీళ్లు వచ్చాయి. కింది మూడు అరల్లో మందులన్నీ పోయాయి. నీళ్లు తీశాక జనం వచ్చి అడిగింది ఓఆర్ఎస్, ఫంగస్ క్రీము, జ్వరం మాత్రలు, దెబ్బలకు డ్రెస్సింగ్. అప్పుడు సరుకు పంపిన స్టాకిస్టుల పేర్లు ఇప్పటికీ గుర్తున్నాయి మాకు.

జీఎస్టీ విషయం. 3వ తేదీ రాత్రి టీవీలో చూసిన వెంటనే మేమంతా మాట్లాడుకున్నాం, 22 దాకా రోజుకు సరిపడా మాత్రమే కొందామని. పాత ధర సరుకు మీద పడి కూర్చోవడం మాకు భయం. మా వీధిలో ఎవరిని అడిగినా చెప్పేవాళ్లం. ఒక్క స్టాకిస్టూ ఫోన్ చేసి "దసరా తర్వాత ఎంత కావాలి" అని అడగలేదు. అడిగి ఉంటే బీపీ, షుగర్ మందులు ఎక్కువ పెట్టుకోండి అని మేమే చెప్పేవాళ్లం. మీ సేల్స్‌మన్ వారానికి రెండుసార్లు మా దగ్గరకు వస్తాడు, ఆర్డర్ రాసుకుని పోతాడు. వాణ్ని ఒక్క ప్రశ్న ఎక్కువ అడగమనండి.

సమాధానం
విశాఖ మాస్టారు (రిటైర్డ్):

బాబూ, ముప్పై ఏళ్లు పిల్లలకు మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ చెప్పాను. మీ ఉత్తరం మా క్లాసులో దొరికి ఉంటే ఒక నెల పాఠం దీనితోనే చెప్పేవాడిని. పైన అమ్మాయి లెక్క చక్కగా విప్పి చూపించింది, దాని జోలికి వెళ్లను.

హెర్బర్ట్ సైమన్ అని 1978లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్నాయన. నిర్ణయాన్ని ఆయన 1960లోనే మూడు మెట్లుగా చూపించాడు. ముందు ఏం జరుగుతోందో గమనించడం, తర్వాత ఏమేం చేయవచ్చో ఆలోచించడం, ఆఖరున ఒకటి ఎంచుకోవడం. మీ సాఫ్ట్‌వేర్ మూడో మెట్టు మీద చాలా చురుకు. మొదటి మెట్టు మీద దానికి బిల్లుల కిటికీ ఒక్కటే ఉంది. బుడమేరు, టీవీలో జీఎస్టీ వార్త, సింగ్‌నగర్ షాపువాళ్ల మాటలు ఆ కిటికీలోంచి కనపడవు. మీ గోడౌన్ పెద్దాయన లారీ దగ్గర నిలబడి చేసింది మొదటి మెట్టు పని. ఆయన ఆ మాట లోడు దిగిన రోజు కాకుండా ఆర్డర్ పెట్టే రోజు అని ఉంటే మీకు 980 బాక్సులు మిగిలేవి కావు. కాబట్టి నెలాఖరున లిస్టు చూసేటప్పుడు ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకోండి. అరగంట చాలు.

ఇంకో మాట. అన్ని నిర్ణయాలూ ఒక జాతివి కావు. 1971లో ఎంఐటీకి చెందిన గోరీ, స్కాట్ మోర్టన్ ఇద్దరూ వాటిని విడదీశారు. పూర్తిగా లెక్కకు లొంగేవి, అసలు లొంగనివి, సగం లొంగేవి. ఆ లొంగని వాటికీ, సగం లొంగే వాటికీ సాయపడే కంప్యూటర్ ఏర్పాటుకే వాళ్లు డెసిషన్ సపోర్ట్ సిస్టమ్ అని పేరు పెట్టారు. మీ మూడు వేల ఐటమ్స్‌లో చాలా భాగం మొదటి రకం. ఏడాది పొడవునా ఒకే తీరులో కదిలే మందులకు సిస్టమ్ చెప్పిన అంకెనే పెట్టండి, చేయి కూడా పెట్టొద్దు. మీ దగ్గర మిగిలిన సమయం మిగతా కొద్ది ఐటమ్స్ మీద ఖర్చు పెట్టండి. వరదకు, పన్నుకు, పండక్కి, కొత్త డాక్టర్ క్లినిక్ తెరవడానికి కదిలేవి ఏవో మీకు తెలుసు.

ఇక మీ ఓనర్ గారి మాట. "సిస్టమ్ ఏం చెబితే అదే పెట్టు" అన్న తర్వాత 980 బాక్సులకు మిమ్మల్ని అడగడం న్యాయం కాదు. నిర్ణయం ఎవరిదో జవాబుదారీ వాళ్లదే. 1967లో రసెల్ ఆకాఫ్ అనే ఆయన కంప్యూటర్ సిస్టమ్స్ పెట్టేవాళ్ల తప్పుడు నమ్మకాలను ఎండగట్టాడు. అందులో ఒకటి, మేనేజరుకు సిస్టమ్ లోపల ఏం జరుగుతుందో తెలియక్కర్లేదు, వాడటం వస్తే చాలు అనేది. లోపల ఏముందో తెలియనివాడు దాని తప్పును పట్టుకోలేడని ఆయన వాదన. ఓనర్ గారి దగ్గరకు ఫిర్యాదుతో వెళ్లకండి. పైన అమ్మాయి వేసిన ఆ నాలుగు వరుసల లెక్క కాగితం మీద రాసి చూపించండి. వ్యాపారం చేసేవాడికి కూడిక అర్థమవుతుంది.

బెజవాడ గోడౌన్:

మేడమ్, మాస్టారూ, అన్నా, ముగ్గురికీ దండాలు. పది రోజుల్లో ఏం జరిగిందో చెబుతాను.

సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఫోన్ చేశాను. తేదీలు తీసేసే వీలు ఉంది, మాకు చూపించలేదు. 2024 సెప్టెంబర్ తీయించాను. లీడ్ టైమ్ కూడా మేడమ్ చెప్పినట్టే ఉంది, అన్నిటికీ 7. మా సరుకు నిజంగా ఎన్ని రోజులకు వస్తోందో ఆరు నెలల బిల్లుల తేదీలు చూసి రాశాను. రెండు కంపెనీలకు 3 రోజులు, ఒకదానికి 16. ఆ పదహారు రోజుల కంపెనీ సరుకే మాకు ఎప్పుడూ అయిపోయేది. ఇన్నేళ్లూ ఆ కంపెనీనే తిట్టుకున్నాను.

షార్ట్ బుక్ పెట్టాం. మొదటి వారంలోనే 43 ఎంట్రీలు. అందులో పిల్లల యాంటీబయాటిక్ సిరప్ ఒకటి తొమ్మిది షాపులు అడిగాయి. సిస్టమ్‌లో అది 'స్లో మూవింగ్' అని ఉంది. మూడు నెలలుగా మేమే సరిగా తెప్పించలేదు, కదలకేం చేస్తుంది.

ఓనర్ గారి దగ్గరకు కాగితం పట్టుకెళ్లాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని 1,900 దగ్గర వేలు పెట్టి చాలాసేపు చూశారు. "ఇది ఆ వరద నెల కదరా" అన్నారు. అంతే. ఓఆర్ఎస్ సగం కంపెనీకి వెనక్కి పంపడానికి ఆయనే మాట్లాడతానన్నారు. అయితే దగ్గు సిరప్ గురించి మాత్రం గట్టిగానే అడిగారు, దానికి నా దగ్గర జవాబు లేదు.

మేడమ్, నా సందేహం అక్కడే ఉంది. నేను అంకె మార్చినప్పుడు అది తెలివా, ఆశా అని ముందే ఎలా తెలుస్తుంది?

స్టాక్ లెక్కలు, హైదరాబాద్:

చాలా సంతోషం సార్. మీ ప్రశ్నకు నేను నమ్మే జవాబు ఒకటుంది. బ్రిటన్లో ఫిల్డెస్, గుడ్విన్, వాళ్ల సహచరులు నాలుగు కంపెనీల్లో కంప్యూటర్ అంచనాలను మేనేజర్లు ఎలా మార్చారో 60,000కు పైగా అంచనాలు తీసుకుని చూశారు, 2009లో ప్రచురించారు. చిన్న చిన్న మార్పులు చాలాసార్లు అంచనాను పాడుచేశాయి. పెద్ద మార్పులు ఎక్కువగా పనికొచ్చాయి, ఎందుకంటే గట్టి కబురు ఉంటేనే మనిషి పెద్దగా మారుస్తాడు. అంకెను తగ్గించినవాళ్లు చాలావరకు సరైనవాళ్లయ్యారు. పెంచినవాళ్లు తరచుగా ఆశ పడ్డారు.

మీ ఓఆర్ఎస్, దగ్గు సిరప్ రెండూ దీనికి సరిగ్గా సరిపోతున్నాయి చూడండి. ఓఆర్ఎస్‌కు తగ్గించాలనిపించింది, కారణం బుడమేరు. సిరప్‌కు పెంచాలనిపించింది, కారణం చలికాలం, ఎంఆర్ మాట. చలికాలం పోయిన ఏడాది కూడా వచ్చింది, ఆ లెక్క సిస్టమ్‌లో ఉంది. ఎంఆర్ చెప్పింది ఆయన టార్గెట్ గురించి, షాపుల అవసరం గురించి కాదు. కాబట్టి మార్చే ముందు ఒక్కటి అడుక్కోండి: నాకు తెలిసిన ఈ సంగతి పాత బిల్లుల్లో ఇప్పటికే ఉందా? ఉంటే వదిలేయండి. లేకపోతే మార్చండి. మార్చిన ప్రతిసారీ ఒక రిజిస్టర్లో సిస్టమ్ అంకె, మీ అంకె, కారణం ఒక్క వాక్యంలో రాసి, నెల తర్వాత పక్కన అసలు అమ్మకం వేయండి. ఇరవై ముప్పై ఎంట్రీలు అయ్యేసరికి మీ చేయి ఎక్కడ నమ్మకమో మీకే కనపడుతుంది.

బెజవాడ గోడౌన్:

రిజిస్టర్ ఈరోజే మొదలుపెట్టాను మేడమ్. జనవరి లిస్టు వచ్చింది. పెద్దాయన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూశాం. మొత్తం నాలుగు ఐటమ్స్ మాత్రమే మార్చాను. మూడు తగ్గించాను, కారణాలు రాశాను.

నాలుగోది పెంచాను, అదే టెల్మిసార్టాన్. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు మాత్రలు మర్చిపోయి వచ్చి గుడివాడ, పామర్రు వైపు షాపుల్లో కొనుక్కుంటారని పెద్దాయన అన్నారు. అది పాత జనవరి బిల్లుల్లో ఉందా అని చూశాను. 2024లో ఉంది, 2025లో లేదు. 2025 జనవరిలో పండగ ముందు రోజే మా దగ్గర ఆ సరుకు అయిపోయిందట, డెలివరీ కుర్రాడు చెప్పాడు. షార్ట్ బుక్ అప్పుడు లేదు. అందుకే 60 బాక్సులు ఎక్కువ పెట్టి, రిజిస్టర్లో కారణం దగ్గర "2025 పండక్కి స్టాక్ లేదు" అని రాశాను. పండగ అయ్యాక అసలు అంకె ఇక్కడే పెడతాను.